నది లేని దీవికి ఇసుక ఎవరు పోశారు?

అట్లాంటిక్ మహాసముద్రం నడిమధ్యన, భూమధ్యరేఖకు దాదాపు 8 డిగ్రీల దక్షిణాన అసెన్షన్ అనే దీవి ఉంది. మొత్తం విస్తీర్ణం 88 చదరపు కిలోమీటర్లు. ఇటు ఆఫ్రికా తీరం 1,600 కిలోమీటర్లు, అటు బ్రెజిల్ 2,250 కిలోమీటర్లు. ఇరుగుపొరుగు అని చెప్పుకోదగ్గ సెయింట్ హెలీనా కూడా 1,300 కిలోమీటర్ల అవతలే. బ్రిటన్ ఏలుబడిలోని ఈ దీవిలో ఉండేది సుమారు 800 మంది. వాళ్లలో ఇక్కడి మూలవాసులంటూ ఎవరూ లేరు. ఉద్యోగం మీద వస్తారు, కాంట్రాక్టు అయిపోగానే వెళ్లిపోతారు. స్థిరనివాస హక్కు ఎవరికీ లేదు.

ఫొటోల్లో ఈ దీవి తీరం చూస్తే నోరూరుతుంది. నల్లటి లావా రాళ్ల మధ్య పాలమీగడ రంగు ఇసుక, దాని ముందు గాజులాంటి నీళ్లు, కనుచూపు మేరలో మనిషి లేడు. ఆ నీళ్లలోకి దిగితే మాత్రం తిరిగి ఒడ్డుకొస్తామన్న భరోసా చాలాచోట్ల లేదు. ఇంత అందమైన తీరం మనిషికి ఎందుకు అచ్చిరాలేదో, సముద్ర తాబేళ్లకు ఎందుకు అంతగా అచ్చివచ్చిందో అర్థం కావాలంటే ముందు ఆ ఇసుక సంగతి తేల్చుకోవాలి.

ఆంధ్ర తీరంలో ఇసుక ఎక్కడిదంటే సమాధానం కోసం వెతుక్కోనక్కర్లేదు. గోదావరి, కృష్ణ, వంశధార, నాగావళి కొండలను అరగదీసి తెచ్చి సముద్రంలో పోస్తాయి, అలలు దాన్ని తీరం వెంబడి పంచుతాయి. అసెన్షన్‌లో నది అన్నదే లేదు. 859 మీటర్ల ఎత్తున్న గ్రీన్ మౌంటెన్ శిఖరం దగ్గర మబ్బులు ఆగి నాలుగు చినుకులు రాలుస్తాయి కానీ, తీరానికి దిగేసరికి అంతా ఎండు బూడిద, చిట్టెపు రాళ్లు. సముద్రం అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతం ఇది. నీటిపైన కనిపించే భాగం వయసు సుమారు 10 లక్షల ఏళ్లు, భూగర్భ లెక్కల్లో నిన్నమొన్నటిది. లావా గట్టిపడి కత్తుల్లా నిలిచిన అంచులను ఇసుకగా నూరడానికి సముద్రానికి ఇంకా తగినంత సమయం చిక్కలేదు. అందుకే తీరంలో ఎక్కువ భాగం కాలు పెట్టనివ్వని నల్లరాయే. ఆ రాళ్ల సందుల్లో అక్కడక్కడా చిక్కుకున్న ఇసుక తునకలు 30కి పైగా ఉన్నా, అన్నీ కలిపినా తీరం పొడవులో కొద్ది భాగమే.

ఆ కొద్దిపాటి ఇసుకను పోసింది సముద్ర జీవులు. పడమటి తీరంలోని లాంగ్ బీచ్‌లో ఓ గుప్పెడు తీసుకుని భూతద్దంలో చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. నది ఇసుకలో ఉండే పలుగురాయి పలుకులు కనపడవు. నున్నగా అరిగిన గవ్వల ముక్కలు, సముద్రపు ముళ్లబంతుల విరిగిన ముళ్లు, రాళ్లకు సున్నపు పూతలా అంటుకుని పెరిగే ఎర్ర నాచు తునకలు, వాటి మధ్య ఒకటీ అరా నల్లటి లావా రేణువు. తెలుపు, లేత పసుపు, గులాబీ రంగులు కలిసి దూరానికి మీగడ రంగుగా కనిపిస్తాయి. పగడాలు ఇక్కడ అక్కడక్కడా పెరుగుతాయే తప్ప దీవి చుట్టూ పగడపు దిబ్బ కట్టలేదు. ఈ ఒక్క లోటు తర్వాతి కథనంతా నడిపిస్తుంది. దిబ్బ ఉంటే అలల దెబ్బను అదే కాచుకునేది, లోపల నీళ్లు మడుగులా నిలిచేవి, పర్యాటకులు ఈత కొట్టేవారు, తాబేళ్లు ఒడ్డు చేరడానికి దారి వెతుక్కునేవి.

1836 జులైలో బీగిల్ ఓడ మీద ఇక్కడికి వచ్చిన చార్లెస్ డార్విన్ ఈ ఇసుకను వదిలిపెట్టలేదు. కొన్ని అడుగుల లోతున అదే ఇసుక సున్నంతో అతుక్కుని రాయిగా మారడం, మెత్తటి రాయిని ఇళ్లు కట్టడానికి వాడుకోవడం ఆయన రాసిపెట్టారు. అలా రాయిగా మారిన ఇసుకలో తాబేలు గుడ్లు కూడా ఇరుక్కుని దొరికాయి. అక్కడ ఏళ్ల తరబడి ఉన్న నౌకాదళ అధికారి ఒకరు ఆయనకు మరో సంగతి చెప్పారు. ఇసుక ఏడాదిలో కొన్ని నెలలు బీచ్ ఒక కొసకు పోగవుతుంది, తర్వాత కెరటాల వరస మారగానే మళ్లీ రెండో కొసకు నడుస్తుంది. ఇప్పటికీ అంతే. అసెన్షన్ బీచ్ మ్యాపు గీస్తే అది ఏ నెలలో గీశారో కూడా రాయాల్సిందే.

ఇసుకను నడిపించే కెరటాలు ఎటునుంచి వస్తాయన్నది రెండో ప్రశ్న. ఈ దీవి మీద ఏడాది పొడుగునా ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. దక్షిణ, తూర్పు తీరాలు గాలికి ఎదురొడ్డి ఉంటాయి కాబట్టి అక్కడ రోజూ మోతే. ఓడ ఆపాలనుకున్న ఏ నావికుడైనా గాలి మరుగు చూసుకుని పడమటి వైపుకే తిప్పుతాడు. ఏకైక పట్టణంలాంటి ఊరు జార్జ్‌టౌన్ అక్కడే, క్లారెన్స్ బే ఒడ్డున వెలిసింది. దాని పక్కనే లాంగ్ బీచ్. ఇంతవరకూ లెక్క సరిగ్గానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ మరుగు వైపు తీరాన్ని గాలితో పనిలేని కెరటం వచ్చి కొడుతుంది.

వాటిని అక్కడ రోలర్లు అంటారు. గాలి ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, సముద్రం చూడ్డానికి నూనె పోసినట్టు ఉంటుంది. అంతలో దూరాన ఓ గీత లేస్తుంది. ఒడ్డుకు వచ్చేకొద్దీ అది గోడలా పెరిగి ఇసుక మీద విరిగిపడుతుంది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. ఒక్కోసారి రోజుల తరబడి ఆగవు. 19వ శతాబ్దంలో వీటి పుట్టుక గురించి సముద్ర గర్భంలో భూకంపాల దాకా రకరకాల ఊహాగానాలు సాగాయి. అసలు కారణం వేల కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. ఉత్తర అట్లాంటిక్‌లో చలికాలపు తుపాన్లు లేపిన పొడవాటి కెరటాలు భూమధ్యరేఖ దాటి ఇంతదూరం ప్రయాణించి వస్తాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వీటి ఉద్ధృతి ఎక్కువ. మామూలుగా ఖండాల తీరంలో లోతు మెల్లగా తగ్గుతుంది కాబట్టి అలాంటి కెరటం చాలా దూరం నుంచే నేలను రాసుకుంటూ బలం కోల్పోతుంది. అసెన్షన్ మాత్రం సముద్రపు అడుగు నుంచి నిటారుగా లేచిన కొండ. తీరం పక్కనే లోతు. కెరటానికి ఎక్కడా పట్టు తగలదు, తెచ్చిన బలమంతా చివరి కొద్ది మీటర్లలో దించేస్తుంది.

బీచ్ వాలు అంత నిటారుగా ఉండటానికీ కారణం ఇదే. అల ఎంత ఎత్తుకు ఎగబాకుతుందో అంత వేగంగా వెనక్కి జారుతుంది, జారుతూ కాళ్ల కింద ఇసుకను తీసుకుపోతుంది. మోకాలి లోతు నీళ్లలో నిల్చున్న మనిషి మరుక్షణం పీకల్లోతులో ఉంటాడు. లాంగ్ బీచ్‌లో ఈతకు దిగవద్దని చెప్పేది అందుకే. కాస్త నమ్మకంగా నీళ్లలోకి దిగే చోట్లు రెండే అని చెప్పుకోవచ్చు. రాళ్ల మధ్య ఒదిగిన కంఫర్ట్‌లెస్ కోవ్ ఒకటి, ఉత్తరాన ఇంగ్లిష్ బే ఇంకొకటి. ఇంగ్లిష్ బేలోనూ 2017లో ఓ సొరచేప దాడి జరిగాక జనం ఆచితూచి దిగుతున్నారు.

జార్జ్‌టౌన్ పియర్‌హెడ్ దగ్గర దిగే తంతు చూస్తే ఈ సముద్రంతో ఇక్కడివాళ్ల పొత్తు ఎలాంటిదో తెలుస్తుంది. పెద్ద ఓడ ఆగడానికి రేవు లేదు. ఓడ లంగరేసి దూరంగా ఆగుతుంది, మనుషులు చిన్న పడవలో రాతి మెట్ల దాకా వస్తారు. మెట్ల పక్కన పైనుంచి తాళ్లు వేలాడుతుంటాయి. పడవ అలతో పాటు ఒకటి రెండు మీటర్లు లేచి దిగుతుంటుంది. లేచిన క్షణంలో తాడు పట్టుకుని మెట్టు మీదికి గెంతాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పడవ కాళ్ల కింద నుంచి దిగిపోతుంది. రోలర్లు ఉన్న రోజున ఆ గెంతు కూడా కుదరదు, సరుకులతో సహా అందరూ ఓడలోనే కూచోవాలి.

పోర్చుగీసు నావికుడు జువావ్ ద నోవా 1501లో ఈ దీవిని చూశాడు. రెండేళ్ల తర్వాత మరో పోర్చుగీసు నావికుడు అల్బుకర్క్ క్రీస్తు ఆరోహణ (అసెన్షన్) పండుగ నాడు అటుగా వచ్చి ఆ పేరే పెట్టాడు. ఆ తర్వాత మూడు శతాబ్దాల పాటు ఎవరూ ఇక్కడ కాపురం పెట్టలేదు. దిగినవాళ్లలో చాలామంది గత్యంతరం లేక దిగినవాళ్లే. 1701 ఫిబ్రవరిలో విలియం డాంపియర్ నడుపుతున్న రోబక్ అనే బ్రిటిష్ నౌకకు చిల్లుపడి క్లారెన్స్ బేలో మునిగింది. సిబ్బంది ఒడ్డుకు చేరి, తాబేళ్లూ మేకలూ ఎండ్రకాయలూ తింటూ, కొండ మీద నీటి ఊట కనిపెట్టి అయిదు వారాలు ఎలాగో నెట్టుకొచ్చారు. అటుగా వచ్చిన ఇంగ్లిష్ ఓడలు వాళ్లను ఎక్కించుకున్నాయి. ఆ నౌక శిథిలాలు 2001లో ఆస్ట్రేలియా పరిశోధకులకు అదే అఖాతంలో దొరికాయి, అవి కూడా ఇసుక కదిలి పక్కకు తప్పుకున్న పుణ్యమే.

లేందర్త్ హాసెన్‌బోష్‌కు ఆ అదృష్టం లేదు. డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలో లెక్కలు రాసే ఇతణ్ని స్వలింగ సంపర్కం నేరం కింద 1725 మే నెలలో ఇక్కడి తీరంలో వదిలేసి వెళ్లారు. డేరా, కొంచెం నీళ్లు, గింజలు, బైబిలు ఇచ్చారు. ఇచ్చిన నీళ్లు అయిపోయాక ఊట కోసం దీవంతా తిరిగాడు, చివరికి తాబేలు రక్తం కూడా తాగాడు. డాంపియర్ మనుషులు కనిపెట్టిన నీళ్లు కొండ మీద ఉన్నాయన్న సంగతి అతనికి చెప్పినవాళ్లు లేరు. డైరీ అక్టోబరులో ఆగిపోయింది. మరుసటి ఏడాది మొదట్లో వచ్చిన ఇంగ్లిష్ ఓడకు డైరీ దొరికింది. చుట్టూ సముద్రం, ఒడ్డున కావలసినంత మాంసం, తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు. అసెన్షన్ తీరం మనిషికి ఏమిస్తుందో ఏమివ్వదో ఇంతకంటే సూటిగా చెప్పిన దస్తావేజు లేదు.

1815లో నెపోలియన్‌ను సెయింట్ హెలీనాలో బంధించాక, అతణ్ని తప్పించడానికి ఫ్రెంచివాళ్లు ఈ దీవిని వాడుకుంటారేమోనన్న అనుమానంతో బ్రిటిష్ నౌకాదళం ఇక్కడ దళాన్ని దింపింది. దీవిని ఓ రాతి యుద్ధనౌకగా లెక్కల్లో చూపి నడిపారు. బ్రిటిష్ ప్రభుత్వపు కాగితాల్లో ఇలాంటి తమాషాలకు కొదవ లేదు. తర్వాత ఆఫ్రికా తీరంలో బానిస వ్యాపారాన్ని అడ్డుకునే నౌకలకు ఇది విడిది అయింది. వాటిలో ఒకటైన బొనెట్టా 1838లో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) సోకిన సిబ్బందితో వచ్చింది. ఊళ్లోకి రానివ్వకుండా ఉత్తరంగా ఉన్న ఓ చిన్న ఒంపులో దింపారు. తిండి అక్కడికి దగ్గర్లో పెట్టి వెళ్లేవారు. చనిపోయినవాళ్ల సమాధులు లావా రాళ్ల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. అంతవరకూ కంఫర్ట్ కోవ్ అన్న ఆ చోటు కంఫర్ట్‌లెస్ కోవ్ అయింది. ఇవాళ జనం ఈత కోసం వెళ్లేది ఆ సమాధుల పక్కగానే.

మనిషి ఇంత ఇబ్బంది పడే తీరానికి పచ్చ తాబేళ్లు మాత్రం పనిగట్టుకుని వస్తాయి. అదీ పక్కనుంచి కాదు, బ్రెజిల్ తీరంలోని సముద్రపు గడ్డి మైదానాల నుంచి. దీవి చుట్టుపక్కల వాటికి మేత లేదు. ఆడ తాబేలు మూడు నాలుగేళ్లకు ఓసారి 2,000 కిలోమీటర్లకు పైగా ఈది వచ్చి, ఇక్కడున్న నెలలన్నీ దాదాపు ఏమీ తినకుండా ఒంట్లోని కొవ్వు మీదే బతికి, రెండు వారాలకోసారి చొప్పున పలుమార్లు గుడ్లు పెట్టి వెనక్కి పోతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు 40, 50 కిలోలు తూగితే, ఇక్కడి పచ్చ తాబేలు 150 కిలోలు దాటుతుంది.

అంత దూరం ఎందుకు రావాలి? 1974లో ఆర్చీ కార్, పాట్రిక్ కోల్మన్ అనే శాస్త్రవేత్తలు ఓ ఆకర్షణీయమైన సమాధానం చెప్పారు. కోట్ల ఏళ్ల కిందట దక్షిణ అమెరికా, ఆఫ్రికా విడిపోతున్నప్పుడు మధ్యలోని దీవులకు ఈ తాబేళ్లు వెళ్లేవనీ, సముద్రం ఏటా కొద్దికొద్దిగా వెడల్పవుతుంటే ప్రయాణమూ తరతరానికీ పొడవవుతూ వచ్చిందనీ వాళ్ల వాదన. వినడానికి ఎంతో బాగుంది. కానీ 1980ల చివర్లో జన్యు పరీక్షలు చేస్తే, అసెన్షన్ తాబేళ్లు మిగతా అట్లాంటిక్ తాబేళ్ల నుంచి విడిపోయి అంత కాలం అయినట్టు తేలలేదు. వలస వచ్చి స్థిరపడింది ఇటీవలే. అంటే తాతల అలవాటు అని సరిపెట్టుకోలేం, ఈ తీరంలో ఉన్న సుగుణమేదో చూడాలి.

ఆ సుగుణం పైన చెప్పుకున్న అవగుణాల జాబితాయే. పగడపు దిబ్బ అడ్డం లేదు కాబట్టి ఏ బీచ్‌కైనా నేరుగా రావచ్చు. వాలు నిటారు కాబట్టి కాస్త దూరం పాకితే చాలు, అల అందని ఎత్తు వస్తుంది. గవ్వ ఇసుక లోతుగా ఉండి తవ్వడానికి లొంగుతుంది. వాన లేదు కాబట్టి గుడ్లు కుళ్లవు. నేల మీద గుడ్లు తవ్వి తినే నక్కలు, కుక్కలు లాంటి జంతువులు ఆదిలో లేనేలేవు. రోలర్లు అప్పుడప్పుడూ గూళ్లను ఊడ్చుకుపోవడం నిజమే, కానీ లెక్క మొత్తం మీద లాభమే.

దారి ఎలా కనుక్కుంటాయన్నది ఇంకా పూర్తిగా తెగని చిక్కు. భూ అయస్కాంత క్షేత్రం దీవి దరిదాపుల దాకా తీసుకొస్తుందనుకున్నా, ఇంత చిన్న చుక్కను పట్టుకోవడానికి అది చాలదు. 2003లో వెలువడిన ఓ ప్రయోగంలో గుడ్లు పెట్టే తాబేళ్లను పడవల్లో 50 కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి వదిలారు. గాలి దీవి మీదుగా తమవైపు వీచే చోట వదిలినవి త్వరగా తిరిగొచ్చాయి. ఎదుటి వైపు వదిలినవి చాలా తిరిగాయి. గాలి మోసుకొచ్చే వాసనో మరేదో వాటికి గుర్తు చూపిస్తోందన్నమాట.

సీజను నడుమ తెల్లవారుజామున లాంగ్ బీచ్ చూస్తే బాంబులు పడ్డ పొలంలా ఉంటుంది. నీటి అంచు నుంచి పైదాకా ట్రాక్టరు టైరు జాడల్లాంటి చారలు, వాటి చివర మనిషి పడుకునేంత గుంటలు. రాత్రి తాబేలు ముందు రెక్కలతో ఇసుకను వెనక్కి చిమ్ముతూ ముందు తన ఒళ్లు పట్టే గుంట చేసుకుంటుంది. ఆ తర్వాత వెనక రెక్కలను అరచేతుల్లా వంచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక తోడుతూ, కుండలాంటి లోతైన గొయ్యి తీస్తుంది. ఇసుక మరీ పొడిగా ఉండి గోడ కూలితే వదిలేసి ఇంకోచోట మొదలుపెడుతుంది. దాదాపు 120 గుడ్లు పెట్టి పూడ్చి, గుర్తు తెలియకుండా చుట్టూ ఇసుక చిమ్మి సముద్రం వైపు తిరుగుతుంది. ఈ పనికి గంటలు పడుతుంది. అప్పటికే పెట్టిన మరో తాబేలు గూటిని తవ్విపోయడమూ మామూలే, ఎందుకంటే చోటు తక్కువ.

ఈ తాబేళ్లే దళం దిగినప్పటి నుంచీ నౌకాదళానికి నడిచే మాంసం దుకాణాలు. రాత్రి ఒడ్డెక్కిన తాబేలును వెల్లకిలా తిప్పేస్తే కదలలేదు. తెల్లారాక బండి మీద తీసుకెళ్లి, ఊరి పక్కన సముద్రపు నీరు వచ్చిపోయేలా రాతితో కట్టిన చెరువుల్లో వేసేవారు. వచ్చిన ఓడకల్లా ప్రాణంతో ఉన్న తాబేళ్లు ఎక్కించేవారు, లండన్‌లో పెద్దమనుషుల విందు సూప్‌కూ వెళ్లేవి. జోరుగా సాగిన రోజుల్లో ఒక ఏడాదికి 1,500 దాకా పట్టారు. పట్టిందల్లా గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడవాటినే కావడంతో దెబ్బ తరతరాలకూ తగిలింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలకు దొరికేవి పలచబడ్డాయి, వేట ఆగిపోయింది. ఆ చెరువుల గోడలు ఇప్పటికీ లాంగ్ బీచ్ పక్కన నిలిచే ఉన్నాయి.

పచ్చ తాబేలు పెద్దది కావడానికి రెండు మూడు దశాబ్దాలు పడుతుంది. అందుకని వేట ఆపిన ఫలితం కూడా ఆలస్యంగానే అందింది. 1970ల చివర్లో చేసిన లెక్కలతో పోలిస్తే 2010ల మొదటికి గూళ్లు ఆరు రెట్లు పెరిగి, ఏడాదికి సుమారు 24,000కు చేరాయి. చంపడం మానేస్తే చాలు, మిగతాది తాబేలే చూసుకుంటుందని అసెన్షన్ ఉదాహరణ చూపి చెప్పేవాళ్లున్నారు. అందులో సగమే నిజం. ఈ తాబేళ్లు బతుకులో ఎక్కువ కాలం గడిపేది బ్రెజిల్ తీరంలో. అక్కడ కూడా రక్షణ దొరకకపోతే ఇక్కడి ఇసుకకు ఎంత కాపలా కాసినా లాభం లేకపోయేది.

ఇప్పటి చిక్కు మళ్లీ ఇసుక దగ్గరే ఉంది, ఈసారి దాని రంగులో. లాంగ్ బీచ్‌ది లేత రంగు. కొద్ది కిలోమీటర్ల దూరంలోని నార్త్ ఈస్ట్ బే ఇసుకలో లావా పాలు ఎక్కువ, నల్లగా ఉంటుంది, ఎండను పీల్చుకుని గూటి లోతులో రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. తాబేలు పిల్ల ఆడదో మగదో తేల్చేది గూటి వేడి. దాదాపు 29 డిగ్రీలు దాటితే ఆడవే ఎక్కువ పుడతాయి. లేత ఇసుకలోనే మొగ్గు ఆడవైపు ఉంది, నల్ల ఇసుకలో మరీ ఎక్కువ. వాతావరణం ఇంకాస్త వేడెక్కితే ఏమవుతుందన్న భయం అందుకే. ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. నల్ల బీచ్ తల్లుల గుడ్లను, లేత బీచ్ తల్లుల గుడ్లను ఒకే వేడిలో పొదిగించి చూస్తే, నల్ల బీచ్‌వే వేడిని బాగా తట్టుకున్నాయి. ఏ తల్లి పుట్టినచోటికి ఆ తల్లే తిరిగొస్తుంది కాబట్టి, ఒకే దీవిలో రెండు రకాల ఇసుకకు రెండు రకాల తట్టుకునే శక్తి పుట్టిందన్నమాట. ఇప్పుడు ముంచుకొస్తున్న వేడి వేగానికి ఆ శక్తి సరితూగుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఇసుక లేని తీరాన్ని అంతా వదిలేస్తారు కానీ, వింతలకు అదీ తక్కువ తినలేదు. దక్షిణాన షెల్లీ బీచ్ వెనక లావా రాళ్లలో చిన్న చిన్న మడుగులున్నాయి. పైకి సముద్రంతో కలవవు, అడుగున రాతి సందుల గుండా పోటుపాట్లకు నీరు ఎక్కి దిగుతుంది. వాటిలో రెండు జాతుల ఎర్ర రొయ్యలున్నాయి. ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించవు. కొండ మీద బతికే ఎండ్రకాయలు గుడ్లు వదలడానికి ఏటా సముద్రానికి నడిచివస్తాయి.

తూర్పున బోసన్‌బర్డ్ అనే రాతి ముక్క ప్రధాన దీవి నుంచి ఈదగలిగేంత దూరంలో నిలువునా లేచి ఉంటుంది. పక్షుల రెట్టతో తెల్లగా మెరుస్తుంది. దళం తెచ్చిన పిల్లులు అడవిపాలై గూళ్ల మీద పడ్డాక, సముద్రపు పక్షుల్లో చాలా జాతులు ఆ రాయి మీదికి పారిపోయి తలదాచుకున్నాయి. అసెన్షన్‌లో తప్ప ఎక్కడా పిల్లలు చేయని ఫ్రిగేట్ పక్షికి ఒకటిన్నర శతాబ్దానికి పైగా అదొక్కటే దిక్కు. 2000ల తొలి ఏళ్లలో పిల్లులను ఏరివేశారు, 2006లో దీవిలో అవి లేవని ప్రకటించారు. 2012లో ఫ్రిగేట్ పక్షులు ప్రధాన దీవి మీద మళ్లీ గూడు పెట్టాయి.

2019లో దీవి చుట్టూ 4,40,000 చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి వాణిజ్య చేపల వేటను నిషేధించారు. దీవి కంటే దాదాపు 5,000 రెట్లు పెద్ద జాగా అది.

చూడాలనుకునేవారికి తిరకాసు కాలం దగ్గర వస్తుంది. ముందే అనుమతి తీసుకోవాలి, విమానాలూ ఓడలూ అరుదు, అదంతా ఎలాగో సర్దుకోవచ్చు. తాబేళ్లు గుడ్లు పెట్టేది డిసెంబరు నుంచి జూన్ దాకా, ముమ్మరం ఫిబ్రవరి, మార్చిల్లో. రోలర్లు విరుచుకుపడేదీ ఆ నెలల్లోనే. సముద్రం శాంతించాక వెళితే పియర్‌హెడ్ మెట్ల మీద తేలిగ్గా దిగవచ్చు, లాంగ్ బీచ్ మీద తాబేలు మాత్రం ఉండదు. తాబేలు కోసమే వెళ్లేవాళ్లు మార్చిలో వెళ్లి, టార్చి ఆర్పేసి రాత్రి ఇసుక మీద కూర్చోవాలి, పగలు నీళ్ల జోలికి పోకూడదు.